మైపాడు ఒడ్డునకు వచ్చిన గకారము

కార్తికమాసపు వాయుగుండము తీరము దాటి, మూడుదినముల ముసురు వెలిసిన మఱునాటి యుదయమున మైపాడు ఒడ్డున నడచుచుండగా, అలలు తెచ్చి పడవేసిన నాచు, తెగిన వలముక్కలు, కొబ్బరి డొక్కలు, ఎవరిదో ఒంటి చెప్పు, వీని నడుమ ఒక ప్లాస్టిక్ నీళ్ళసీసా నాకంట బడినది. దానిచుట్టు అంటించిన కాగితము ఉప్పునీటికి వెలిసిపోయినను ఊడిపోలేదు. దానిమీది అక్షరములు మాత్రము స్పష్టముగా నున్నవి. అన్నియు గుండ్రని అక్షరములు. సున్నలను వరుసగా పేర్చి, కొన్నింటికి పైన, కొన్నింటికి క్రింద నోరు తెఱచి, అక్కడక్కడ తోకలు తగిలించినట్లున్నవి. సమీపమున తెప్పమీద కూర్చుండి వల బాగుచేసికొనుచున్న ముదుసలి జాలరి, నేను దానిని త్రిప్పి త్రిప్పి చూచుట గమనించి చేయి చాచెను. అతడు రెండవ తరగతితోనే బడి మానినవాడు. అయినను సీసాను వెలుతురున కెత్తి కొంతసేపు పరికించి, "అయ్యవారూ, ఇయ్యి మన అచ్చరాల మాదిరే ఉండాయే. ఇదిగో, ఇది మన 'గ' గాదా? తలకాయ మీద గీత లేదంతే. చదవండి, ఏం రాసుందో" అనెను.

నలువదియేండ్లు పిల్లలకు తెలుగు బోధించిన నేను ఆ సీసాపై ఒక్క పదము చదువలేకపోతిని.

ఇంటికి వచ్చి లిపులను గుఱించిన గ్రంథమొకటి తీసి పోల్చిచూడగా అది బర్మాలిపి యని తేలినది. ముదుసలి చూపిన యక్షరము నిశ్చయముగా గకారమే. మన గకారమునకును బర్మీయుల గకారమునకును తల్లి ఒక్కతె: అశోకుని శాసనములలోని బ్రాహ్మీలిపి గకారము. రెండు గీతలు పైకొనన కలిసిన కోణమే అప్పటి దాని రూపము. ఆ కోణము దక్షిణాపథమున క్రమముగా వంపుదిరిగి, మనకడ తలకట్టు దాల్చినది. సముద్రము దాటి పోయినచోట తలకట్టు లేకయే నిలిచినది. తాటాకుపై గంటముతో వ్రాయువాడు అడ్డుగీతను బలముగా గీసినయెడల ఆకు చీలును గనుక ఈ లిపులన్నియు గుండ్రదేలినవని పండితులు చెప్పుదురు. బర్మీయుల హల్లులు 33. అవి క, ఖ, గ, ఘ అను మన వరుసలోనే నడచును. మా బడిలో పిల్లలు వల్లించిన వరుసనే సముద్రమున కావలియొడ్డున ఇంకొకజాతి పిల్లలు వేఱొక యాసతో వల్లించుచున్నారన్నమాట. చదువు సగములో మానిన జాలరి కంటికి మొదటిచూపుననే ఈ చుట్టరికము దొరికినది. చదువుకొన్న నేను పుస్తకము తెఱచి తెలిసికొంటిని.

సీసా కాగితముపై పెద్దయక్షరములతో నున్న మొదటి పదము నీటికి వారి పేరు. వ్రాతను బట్టి అది 'రే' అని చదువవలసినది. కాని నేటి రంగూనువారు దానిని 'యే' అందురు. బర్మీయ భాషలో ఒకప్పుడు రేఫగా పలికిన ధ్వని కాలక్రమమున యకారముగా మాఱినది, అక్షరము మాత్రము మాఱలేదు. కనుకనే మన పెద్దలు రంగూను అనియు, కూలికై పడవలెక్కి పోయిన ఉత్తరకోస్తా ప్రజలు 'రంగం' అనియు పిలిచిన నగరము నేడు 'యాంగోన్' అయినది. 1989లో అచ్చటి ప్రభుత్వము రోమను లిపిలో ఆ పేరు వ్రాయు తీరును మార్చినదే కాని, బర్మాలిపిలో ఆ నగరనామము అప్పటికిని ఇప్పటికిని ఒక్కటే. అరకాను ప్రాంతమువారు నేటికిని ఆ యక్షరమును రేఫగానే పలుకుదురు. 1942లో జపానుసేనలు వచ్చి పడినప్పుడు అడవులవెంట కాలినడకను మరలివచ్చిన మనవారు నోట మోసికొనివచ్చిన 'రంగం' అను మాటలో, బర్మానగరవాసులు విడిచివేసిన రేఫ భద్రముగా నున్నది.

ఇతరభాషల వ్రాతలో మనము వింత యనుకొనునది చాలమట్టుకు ఇటువంటిదే. నోరు విడిచిన ధ్వనిని వ్రాత విడువక పట్టుకొనియుండుట వలన ఆ రెంటినడుమ ఏర్పడిన యెడమే మనకు వింతగా తోచును. మా పాఠశాలలో ఆంగ్లము చెప్పు ఉపాధ్యాయునితో పిల్లలు ఏటేట పడు తగవు నాకు బాగుగా గుర్తు: పలుకని అక్షరమును వ్రాయనేల, వ్రాయకున్న మార్కు తీసివేయనేల అని. కత్తికిని మోకాలికిని ఆంగ్లేయుడు వ్రాయు పదముల మొదట కకారధ్వని గల అక్షరమొకటి ఊరక నిలుచుండును. అది నిన్నమొన్న అలంకారమునకు తెచ్చిపెట్టినది కాదు, ఒకప్పుడు పలికినదే. అతని పొరుగువాడగు డచ్చివాడు మోకాలిని నేటికిని 'క్నీ' యని కకారముతోనే పలుకును. కొన్నిచోట్ల వ్రాతలోని వింతకు కారణము పాండిత్యాభిమానము. అప్పు అనునర్థముగల 'డెట్' పదమునకు లాటిను మూలము జ్ఞాపకముండవలెనని పండితులు నడుమ బకారమును చొప్పించిరి. ద్వీపమునకు వారి పదమైన 'ఐలండ్'లోని సకారమైతే కేవలము పొరపాటు. లాటిను మాటతో లేని బంధుత్వము నంటగట్టుటచే వచ్చినది. 'ఘోస్ట్' అను దయ్యపు మాటలో హకారము చేరుట మఱియొక కథ: విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండున ముద్రణాలయము స్థాపించినప్పుడు, ఫ్లాండర్సు దేశమున పని నేర్చిన అచ్చుకూర్పరులు తమ యలవాటు చొప్పున ఆ యక్షరమును కూర్చిరి, అది నేటికిని తొలగలేదు. పిల్లలకు ఈ కథలు చెప్పినయెడల కంఠపాఠమునకు శత్రువైన ఆ పదములే వారికి చెలిమి యగునని నా నమ్మకము. ఎవరును చెప్పరు; గుర్తుపెట్టుకొమ్మని మాత్రమే చెప్పుదురు.

మనకు అటువంటి వింతలు లేవా? తెలుగు పలికినట్లే వ్రాయుదుము, వ్రాసినట్లే పలుకుదుము అని సభలలో చెప్పుకొనుట కలదు. ఆ మాటలో సగమే నిజము. బండి రేఫ యని మనము పిలుచు శకటరేఫమును చూడుడు. ఏరుట, వేరు (చెట్టుది) అను మాటలకు సాధురేఫము. నది యను నర్థము గల ఏఱు, భిన్నమను నర్థము గల వేఱు అను మాటలకు శకటరేఫము. వెనుకటివారు ఈ రెంటిని వేఱువేఱుగా పలికిరి. తమిళులకు నేటికిని ఆ రెండక్షరములు వాడుకలో నున్నవి. మన నోట రెండును ఒక్కటైనవి, ఆ భేదము వ్రాతలో నా తరమువారి చేతను మిగిలినది, ఇప్పటి పాఠ్యపుస్తకములలో దాదాపు మాయమైనది. పెన్నేఱు, కండలేఱు అని వ్రాయునప్పుడు ఆ చివరి యక్షరము అది నదియని నాకు చెప్పును. పెన్నేరు, కండలేరు అని వ్రాసినచో చెప్పదు. అరసున్నయు నట్లే: ఏడు అను సంఖ్యకును, ఏఁడు అను సంవత్సరమునకును భేదము నిలిపినది ఆ సగము చుక్కయే. ఇక చాపలోని చకారమును, చేపలోని చకారమును ఒకే విధముగా వ్రాసి రెండు విధముల పలుకుదుము; ఈ భేదమునకు గుఱుతుగా ౘ, ౙ అను అక్షరములు కలవు గాని వానిని వాడువాడు లేడు. తెలుగు నేర్చుకొనవచ్చిన విదేశీయునికి మన చకారము ఆంగ్లపు మూగయక్షరమువలెనే చిక్కు తెచ్చును. గిడుగు రామమూర్తిగారు వాడుకభాషకై పోరాడి గెలిచిన తరువాత ఈ పాతగుఱుతులు తొలగుట సహజమే. దానిని నేను తప్పుపట్టను. తొలగినవి తొలగినట్లు పిల్లలకు చెప్పకపోవుటయే నాకు బాధ.

గూడూరు మొదలుకొని సూళ్ళూరుపేట దాక గుడిగోడలపై నున్న శాసనములను చూచినవారు ఇంకొక వింతను చూచియుందురు. అందు అనేకములు తమిళభాషలో, తమిళ గ్రంథలిపులలో నున్నవి. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలశెట్టి యను నిద్దఱధికారులు నెల్లూరుజిల్లా శాసనములను మూడు సంపుటములుగా ప్రకటించినప్పుడు రెండుభాషలవియు ప్రక్కప్రక్కనే చేర్చవలసివచ్చినది. తిక్కన కవిని పోషించిన తెలుగుచోడులకాలమున రాతిపని చేసినవాడు ఏ లిపిని చెక్కుచున్నను, చదువుటకు వచ్చినవాడు దానిని పరాయిదనుకొనలేదు. ఈ తీరమున జాలరిపల్లెలలో నేటికిని ఇంట ఒక భాష, అంగట ఇంకొక భాష మాటలాడువారున్నారు. లిపిభేదము మనకు గోడగా నుండలేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము నేనెఱుగను.

లిపిని విడిచి పదనిర్మాణమునకు వత్తము. ప్రళయకావేరి సరస్సునకు దక్షిణపుకొనన నున్న పులికాటులో డచ్చివారు 1613లో కట్టిన గెల్డ్రియా కోటయే కోరమండల తీరమున వారికి ముఖ్యస్థానముగా నుండెను. మాఘమాసపు రాత్రులలో ఈ యిసుకతిన్నెలపైకి గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపుతాబేళ్ళను ఆ కోటవారు తప్పక చూచియుందురు. తాబేటికి వారి భాషలో పేరు 'స్కిల్డ్‌పాట్', అనగా డాలుకప్ప. జర్మనులకును అదే యర్థము గల మాట. వీపున డాలు మోయు కప్పయని ఒక జాతి యనుకొన్నది. మొదట విన్నప్పుడు మనకు నవ్వు వచ్చును. తరువాత ఆలోచించినచో, ఎన్నడును చూడని జంతువును చూచిన మానవుడు తన యింట నున్న రెండు వస్తువులను కలిపి దానిని తనదిగా చేసికొన్న తెలివి కానవచ్చును. పంది యంత యెలుక యని మనవారు పందికొక్కు అనలేదా? ఆ పందికొక్కును ఆంగ్లేయులు మననుండియే గ్రహించి 'బాండికూట్' అని వ్రాసికొని, తరువాత ఆస్ట్రేలియా ఖండమున పొట్టసంచిలో పిల్లలను మోయు వేఱొక జంతువున కదే పేరు పెట్టిరి. తెలుగు పొలముగట్టున పుట్టిన సమాసమొకటి, పందియు కొక్కును ఎవరో తెలియనివారి నోట, భూగోళపు అట్టడుగున తిరుగుచున్నది.

రైలు వచ్చినప్పుడు లోకమున ఎన్ని జాతులు ఎన్ని విధముల దానికి పేరు పెట్టినవో చూడుడు. చీనావారు నిప్పుబండి యనిరి. జర్మనులు ఇనుపబాట యనిరి, గ్రీకులు, తుర్కులు నదే యర్థమున తమ మాటలు కూర్చుకొనిరి. మన పల్లెవాడు పొగబండి యనెను. చీనావాడు దాని కడుపును చూచినాడు, జర్మను దాని కాళ్ళక్రింది దారిని చూచినాడు, మనవాడు దూరమున పొలములో నిలిచి ఆకాశమున పొగను చూచినాడు. ఒక్కొక్క మాటలో చూచినవాడు ఎక్కడ నిలిచియుండెనో ఆ చోటుకూడ నున్నది. చీనావారు నేటికిని ఈ పని మానలేదు. కంప్యూటరును వారు 'విద్యుత్తు మెదడు' అని రెండు అక్షరములతో పిలుచుచున్నారు. మనము పొగబండితో ఆ పని చాలించుకొంటిమి. ఆ తరువాత వచ్చిన ప్రతివస్తువును అది ఏ పేరుతో వచ్చినదో ఆ పేరుతోనే లోనికి రానిచ్చితిమి. దానికి నేను దుఃఖింపను. మాటలు వచ్చుట భాషకు బలమే. కాని రానిచ్చుటతో మనము ఆగలేదు.

ఇక నేను చెప్పదలచిన యసలు విషయమునకు వచ్చుచున్నాను.

విదేశీయులు మన తీరమునకు వచ్చి మన పేర్లను తమ లిపిలో వ్రాసికొన్నప్పుడు వారు చెవితో విని వ్రాసికొనిరి. ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్నమున వర్తకస్థానము పెట్టుకొనిరి. తమకు తోడ్పడిన ఆర్ముగ మొదలియారు పేరిట ఆ తావును 'ఆర్మగాన్' అనిరని చరిత్రకారులు చెప్పుదురు. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసును సంపాదించిన పిదప వారు ఇక్కడినుండి తరలిపోయిరి, కాని సముద్రపటములపై ఆర్మగాన్ పేరు నిలిచినది. తెలుగును వారు చాలకాలము 'జెంటూ' అని పిలిచిరి. పోర్చుగీసువారు అన్యమతస్థునికి వాడిన 'జెంటియో' అను మాటయే దానికి మూలము. ఒక భాషకు ఇంతకంటె అన్యాయమైన పేరు ఉండదు. ఐనను ఆ వ్రాతలలో ఆ కాలపు చెవి యున్నది. ఒంగోలు వాస్తవ్యుడనని పుస్తకపు పేరులోనే చెప్పుకొనిన వెన్నెలకంటి సుబ్బారావుగారు మద్రాసు సదరు అదాలతులో 1815 నుండి 1829 వఱకు దుబాసిగా పనిచేసి, ఆంగ్లమున స్వీయచరిత్ర వ్రాసికొనిరి. భారతీయులు ఆంగ్లమున వ్రాసిన తొలి స్వీయచరిత్రలలో అది యొకటి. 1873లో అచ్చయినది, అప్పటికి ఒంగోలు నెల్లూరుజిల్లాలోనిదే. దానిపై ఆయన పేరు ఆంగ్లాక్షరములలో నున్న తీరును యథాతథముగా చదివినచో 'వెన్నెలకుంటి సూబ్ రౌ' అని వచ్చును. అన్ని భాషలు నేర్చిన దుబాసి పేరు తన సొంతపుస్తకపు టట్టపైననే ఆ రూపున నిలిచినది. అయినను ఆయన తన పేరును తెలుగున వ్రాసికొనవలసినప్పుడు ఆ యాంగ్లపు వ్రాతను చూచి తిరిగి తెలుగు చేసికొనలేదు. నాడు తెలుగువ్రాత మూలము, రోమనువ్రాత నీడ.

నేడు నీడ మూలమైనది. ఇటీవల నా పింఛను కాగితములలో నొకటి తెలుగున అచ్చువేసి నాచేతి కిచ్చిరి. చూడగా నేను పుట్టిన ఊటుకూరు 'ఉతుకూర్' అయియున్నది. ఇదేమని యడుగగా, యంత్రములో ఊరిపేరు ఆంగ్లమున నున్నదనియు, తెలుగు కావలెనన్నప్పుడు యంత్రమే దానిని మార్చి యిచ్చుననియు, దిద్దుటకు తమకు వీలులేదనియు అచ్చటి గుమాస్తా యోపికతోనే చెప్పెను. అతని తప్పేమియు లేదు. రోమనులిపిలో, గుఱుతులు పెట్టకున్నచో, టకారమునకును తకారమునకును, డకారమునకును దకారమునకును, ణకారమునకును నకారమునకును, ళకారమునకును లకారమునకును భేదము లేదు. హ్రస్వమునకు దీర్ఘమునకు భేదము లేదు. మన తీరపు టూళ్ళను ఆ లిపిలో ఒక్కమాఱు త్రిప్పి చదువుడు. కావలికిని 'కావాలి' యను క్రియకును అక్షరములొక్కటే. కోట యనవచ్చును, కోత యనవచ్చును. గూడూరును గుడుర్ అనవచ్చును. తడకు దీర్ఘములు తగిలించి తాడా యనువారిని నేనే రైలులో వింటిని. పరాయి ప్రాంతమువాడు అట్లు చదివినచో అది వాని నేరము కాదు. ఆ యూళ్ళలో పుట్టిన పిల్లలు బస్సుపై నున్న ఆంగ్లాక్షరములను చూచి తమయూరి పేరును అట్లే చదువుట మొదలిడినారు. అది మాత్రము మన నేరమే. ఆంగ్లేయుని మూగయక్షరము పోయిన ధ్వనిని జ్ఞాపకముంచును. ఈ రోమనుతెలుగు బ్రతికియున్న ధ్వనిని పోగొట్టుచున్నది.

పదములను కుదించుటలో ఇదే చేసికొంటిమి. మన లిపికి కొలత అక్షరము, అనగా హల్లును అచ్చును కలిసిన ముద్ద. ఆంగ్లమునకు కొలత విడివిడి వర్ణము. కాబట్టి వారు మొదటి వర్ణములను ఏరి పేరు కుదించుకొందురు. మన భాష తనంతట తాను కుదించుకొన్నప్పుడు అక్షరములను ఏరుకొన్నది: అభ్యుదయ రచయితల సంఘము అరసమైనది, విప్లవ రచయితల సంఘము విరసమైనది; క్రీస్తు శకమును క్రీ.శ. అనుచున్నాము. జపానువారి కనలిపులకును అక్షరమే కొలత. అందుచేతనే వారు 'పర్సనల్ కంప్యూటర్' అను పరాయిమాటను సైతము తమ గొంతున 'పసోకోన్' అని రెండేసి యక్షరములుగా త్రుంచి తమదిగా చేసికొనిరి. తడకు చేరువనున్న శ్రీసిటీలో పని చేయవచ్చు జపానీయుల నడిగినయెడల ఇటువంటి మాటలు పదులకొలది చెప్పుదురు. మనమో! తోటపల్లిగూడూరు అను చక్కని పేరును 'టి.పి. గూడూరు' అని వ్రాయుచున్నాము. తోటపల్లి యొక్కటే మాట. దానిని నడుమకు విఱిచి, ఒక్కొక్క ముక్కకు ఆంగ్లవర్ణమునొక దానిని అంటించి, ఆ వర్ణముల పేర్లను తిరిగి తెలుగున వ్రాసి, పంచాయతీ బోర్డుకు ఎక్కించితిమి. అందు తోటయు లేదు, పల్లెయు లేదు. శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగసిన నాటి 'షార్' అను ముద్దుపేరు ఇట్టిది కాదు. అదియు ఆంగ్లవర్ణముల కూర్పే యైనను నోటికి ఒక్కమాటగా అమరినది. 2002లో ఆ కేంద్రమునకు సతీష్ ధవన్ పేరు పెట్టిన తరువాతను సూళ్ళూరుపేట ఆటోవాడు షారనియే పిలుచును. మాట నోటబడి బ్రతికినచో అది ఏలిపినుండి వచ్చినను నాకు ఆక్షేపణ లేదు.

అన్నింటికంటె నన్ను నొప్పించున దొకటి కలదు. మూలపేట వేణుగోపాలస్వామి యాలయమున దళితులకు ప్రవేశము కావలెనని 1946లో నెల్లూరున నిరాహారదీక్ష పట్టినవాడును, తెలుగుమాటలాడువారికి ఒక రాష్ట్రము కావలెనని 1952 అక్టోబరు 19న మద్రాసున మఱల దీక్షబూని 58 దినములు అన్నమును విడిచి డిసెంబరు 15న ప్రాణము విడిచినవాడును అగు పొట్టి శ్రీరాములుగారి పేరును 2008లో మన జిల్లాకు పెట్టుకొంటిమి. పెట్టుకొన్న కొలది కాలమునకే అది కాగితములపై 'ఎస్.పి.ఎస్.ఆర్. నెల్లూరు' అయినది. తెలుగు కరపత్రములపై, తెలుగు పెండ్లిశుభలేఖలపై సైతము అట్లే యున్నది. ఏ భాషకొఱకు ఆ మహానుభావుడు కృశించి కన్నుమూసెనో, ఆ భాషవారు ఆయన పేరును నాలుగు ఆంగ్లవర్ణములుగా చేసిరి. శ్రీరాములను ఒక్కమాటను సహితము రెండుగా చీల్చిరి. మా మనుమరాలిని ఎస్.పి.ఎస్.ఆర్. అననేమని యడిగితిని. ఆరవ తరగతి చదువుచున్న పిల్ల. చాలసేపు ఆలోచించి, "పిన్‌కోడ్ లాంటిదేమో తాతయ్యా" అన్నది. ఆమె యపరాధ మేమున్నది? పేరు చదివి ఆ మనిషిని తెలిసికొనుటకు ఆ నాలుగు వర్ణములలో ఏ దారియు లేదు.

1928లో తుర్కీదేశమున ప్రభుత్వము శాసనము చేసి అరబ్బీ లిపిని తీసివేసి రోమనులిపిని పెట్టెను. దానివలన చదువు వ్యాపించెననుట నిజమే కావచ్చును; తాతల ఉత్తరములను, సమాధిఫలకములను మనుమలు చదువలేకపోయిరనుటయు నిజమే. ఆ జాతి తెలిసి, చర్చించి, లాభనష్టములు బేరీజు వేసికొని ఆ పని చేసినది. మనయింట ఏ శాసనమును లేదు. పిల్లలు చేతిఫోనులలో ఒకరికొకరు పంపుకొను తెలుగుమాటలన్నియు రోమనక్షరములలోనే నడచుచున్నవి. తెలుగు అక్షరముల మీట అదే ఫోనులో ఉన్నను నొక్కువారు కొలదిమంది. ఎవరు తీసివేయకయే తనంతట తాను తొలగిపోవు లిపి కొఱకు ఎవరిపై పోరాడవలెనో తెలియదు. కొరియారాజు సెజోంగ్ 1446లో తన ప్రజలకు ప్రకటించిన లిపిని చూచినప్పుడెల్ల నాకు ఆశ కలుగును. పలుకునప్పుడు నాలుక, పెదవులు మున్నగునవి దాల్చు ఆకారమునే హల్లునకు రూపముగా నిచ్చి, హల్లును అచ్చును కలిపి ఒక్క ముద్దగా కూర్చిన ఆ లిపిని పండితులు చాలకాలము చిన్నచూపు చూచిరి. నేడు ఆ దేశపు చేతిఫోనులన్నియు ఆ లిపిలోనే మాటలాడుచున్నవి. మన గుణింతమునకును దానికిని ఉన్న పోలిక మన పిల్లలకు చెప్పవలదా?

నేను కోరున దతికష్టమైనది కాదు. ప్రతి మండలములోను ఊళ్ళపేర్లను ఆయూరి పెద్దలనోట విని, తెలుగున వ్రాసికొని, ఆ పట్టికనే మూలముగా నుంచి, రోమనువ్రాతను దానినుండి తీయవలెను. యంత్రములకు తెలుగునుండి ఆంగ్లమునకు పోవుట నేర్పవలెను గాని ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చుట కాదు. పొట్టి శ్రీరాములుగారి పేరును తెలుగున వ్రాసినచోటనెల్ల పూర్తిగా వ్రాయవలెను; ఒక పంక్తి యెక్కువ పట్టినచో పట్టనిండు. బడిలో వారమున కొక గంట, పరాయిలిపులను పిల్లల ముందు పెట్టి, ఇందు మనకు చుట్టమెవరో వెదకుడని వదలిపెట్టవలెను. ఆ గంటకు నేను జీతములేని యుపాధ్యాయుడనై వత్తును.

పది దినములైన తరువాత మఱల మైపాడు పోతిని. ముదుసలి కొడుకు క్రొత్తపడవకు రంగు వేయించుచున్నాడు. ముందుభాగమున, చట్టము కోరినట్లు, రోమనక్షరములతో మొదలగు నమోదు సంఖ్యను రంగువాడు అప్పటికే వ్రాసి ముగించెను. దాని వెనుక పసుపుపచ్చని పట్టీపై 'పోలేరమ్మ తల్లి' యని తెలుగున వ్రాయుచున్నాడు. లకారమునకు ఏత్వమిచ్చి, రేఫకు తలకట్టు పెట్టి, మకారము క్రింద వత్తు దించి, కుంచె కడిగికొనుటకు కూర్చుండెను. నేను సంచిలోనుండి ఆ సీసాను తీసి ముదుసలికి చూపి, దానిమీద వ్రాసియున్నది నీరు అని చెప్పితిని. అతడు దానిని పుచ్చుకొని, తన గకారమును మఱల వెదకి పట్టుకొని, తడియారని పడవ ప్రక్కకు తీసికొనిపోయి, రంగువానిని పిలిచి చూపించుచు, "ఒరే అబ్బాయా, దీనికి తలకట్టు పెట్టి చూడరా" అనెను. అతడు పచ్చరంగు కుంచెతో, సీసా కాగితము పైననే, ఆ యక్షరమునెత్తిన చిన్నగీత నొకదానిని గీసెను.